సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ల్యాబును స్టూడియోగా నడపడం ఎలా?

ప్రశ్న: హనుమకొండ దగ్గర ఒక ఇంజినీరింగ్ కళాశాలలో మూడవ సంవత్సరం వారికి సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ బోధిస్తున్నాను. తరగతిలో 60 మంది ఉన్నారు, ల్యాబు వారానికి 3 గంటలు. ఇప్పుడు జరుగుతున్నదల్లా సీనియర్ల రికార్డుల నుండి యూఎంఎల్ పటాలను (ప్రోగ్రాం నిర్మాణాన్ని చూపే బొమ్మలను) ఎక్కించుకోవడమే. స్టూడియో పద్ధతికి మారాలంటే బల్లలు, బోర్డులు మార్పించాలా? ఇంతమంది పనిని ఒక్కదాన్నే ఎలా చూడగలను? మార్కుల సంగతేమిటి?

సమాధానం: మేడమ్, బల్లలు ఉన్నచోటే ఉండనివ్వండి. ఆర్కిటెక్చర్ విద్యార్థి సగం గీసిన నక్షాను గోడకు అతికించి, గురువు, తోటివారు వేసే ప్రశ్నలకు అందరి ఎదుట జవాబు చెప్పుకునే ఆనవాయితీ నుండి ఈ పద్ధతి పుట్టింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 1989లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ మాస్టర్స్ కోర్సులో జట్లు నిజమైన క్లయింటుకు పని చేస్తూ, నెలల తరబడి మెంటర్ల పర్యవేక్షణలో ఉంటాయి. మీకు అంత వ్యవధి లేదు కనుక అందులోని సమీక్షను మాత్రం తీసుకోండి.

ఐదుగురు చొప్పున 12 జట్లు చేస్తే, ఒకే రోజున అందరినీ చూడాలంటే జట్టుకు 15 నిమిషాలకు మించి రావు, ఊపిరి తీసుకునే సందు కూడా ఉండదు. వారానికి ఆరు జట్లను 25 నిమిషాల చొప్పున చూస్తే అరగంట మిగులుతుంది. ఆ వారం వంతు రాని జట్లలో ఒకటి ప్రతి సమీక్షలోనూ ప్రశ్నలడిగేదిగా కూర్చోవాలి.

క్లయింటును ఊళ్ళోనే వెతకండి. మా విద్యార్థులు వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణానికి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీ, రాసే ప్రోగ్రాం తయారుచేస్తూ, ఒక రైతుకు ఒకే ధర అన్నట్లు డేటాబేసు పట్టికలు గీశారు. రెండవ సమీక్షకు వచ్చిన గుమాస్తా దాన్ని చూసి, "ఒకే రైతు తేజ మిర్చి, తాలు (రంగు తగ్గిన నాసిరకం కాయ) రెండూ తెస్తే ఏ ధర వేస్తారు?" అని అడిగాడు. పట్టికలన్నీ విప్పి, ధరను రైతు నుండి తీసి సరుకు లాటుకు ముడివేయవలసి వచ్చింది. అప్పటికి కోడు పెద్దగా రాయలేదు కాబట్టి రెండు రోజుల్లో తేలిపోయింది. (ఆ గుమాస్తా మాకంటే మంచి పరీక్షకుడని నా అభిప్రాయం.)

సమీక్ష రోజున మాత్రం మార్కులు వేయకండి, వేస్తే లోపాలను దాచడం మొదలవుతుంది. ఏ నిర్ణయం ఎందుకు మార్చారో ప్రతి జట్టూ నాలుగు వాక్యాలలో రాసి పెట్టుకోవాలి. సెమిస్టరు చివర ఆ నోట్సును గిట్ చరిత్రతో (కోడులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే చిట్టాతో) పోల్చి చూస్తే ఎవరు పని చేశారో, ఎవరు పక్కన కూర్చున్నారో చాలావరకు తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు సార్. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు నలుగురిలో తప్పు ఎత్తి చూపితే ముడుచుకుపోతారేమోనని సంకోచంగా ఉంది.

సమాధానం: సమీక్ష తెలుగులోనే జరపండి, ఇంగ్లీషు రికార్డు వరకు చాలు. మొదటి వారం వారి పనిని కాక, మీరు రాసిన ఒక పాత ప్రోగ్రామును తెరపై పెట్టి, అందులో లోపాలు వెతకమనండి. మావాళ్ళు పది నిమిషాల్లో నా కోడులో ఏడు పట్టారు, రెండవ వారానికి వారి పని చూపడానికి ఎవరూ వెనుకాడలేదు.