జయప్రకాశ్ రెడ్డికి వచ్చిన పేరు న్యాయమైనదేనా?

పెన్నా గట్టు (కడప):
జయప్రకాశ్ రెడ్డిని మహానటుడని పొగుడుతుంటే నాకు మింగుడుపడదు. కళ్ళు పెద్దవి చేయడం, మీసం దువ్వడం, గొంతు చించుకోవడం. ఆ ఒక్క మూసతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చారు. ఆ ఫ్యాక్షన్ ప్రతినాయకుడి పాత్రల వల్లే బయటి ఊళ్ళలో మనది కడప అని చెప్పగానే ఎదుటివాళ్ళు జంకుతారు. సీమలో పుట్టి సీమ పరువు తీసినందుకా ఇంత కీర్తి?

బురుజు వీధి (కర్నూలు):
అన్నా, మీ బాధ నాకూ ఉంది. హైదరాబాదులో గది అద్దెకు అడిగినప్పుడు, కర్నూలు అనగానే ఇంటివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం నాకూ అనుభవమే. కానీ ఆ నేరం ఆయన నెత్తిన రుద్దడం అన్యాయం. ఫ్యాక్షన్ కథలు ఆయన రాయలేదు, తీయలేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’ విరగబడి ఆడింది, అందరూ ఆ దారే పట్టారు. 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’ వచ్చాయి. ఈ మూడింటిలో ప్రధాన ప్రతినాయకులు వేరేవాళ్ళు. ఆయన లేకున్నా ఆ వరద ఆగలేదు కదా! అయినా ఆ సినిమాల్లో నరికింది ప్రతినాయకుడు ఒక్కడేనా? జనం ఈలలు వేసింది కథానాయకుడి కత్తికి. ఆ లెక్క ఎవరూ అడగరు.

ఇక నటన సంగతి. 1997 నాటి ‘ప్రేమించుకుందాం రా’ మళ్ళీ ఒకసారి చూడండి. మన కర్నూల్లో జరిగే కథ, ఆయన వీరభద్రయ్య. కేకలే అందరికీ గుర్తుంటాయి. నన్ను భయపెట్టేది కేక కాదు. దానికి ముందు గొంతు దించి, మాట చివర కొద్దిగా సాగదీసి, ఎదుటివాడు ఏమంటాడో అని కన్నార్పకుండా ఆగుతారే, అది. పంచాయితీలో కూర్చున్న పెద్దమనిషి మన పల్లెల్లో అచ్చం అలాగే ఆగుతాడు. యాసను అరువు తెచ్చుకున్న నటులు నాలుగు సీమ మాటలు పైపైన చల్లి, మిగతాదంతా కోస్తా తెలుగులో లాగించేస్తారు. ఈయన పలుకులో ఎత్తుపల్లాలు కూడా మనవే. పుట్టింది మన సీమలోని సిరివెళ్ళలో. తర్వాత గుంటూరులో లెక్కల మాస్టారుగా పనిచేశారు. అక్కడ స్థిరపడి కూడా ఆ పలుకును చెక్కుచెదరకుండా కాపాడుకోవడం చిన్న విషయం కాదు. 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో తెరకెక్కితే గుర్తింపు రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఎవరి దయతోనో వచ్చిన పేరు కాదన్నా అది.

పెన్నా గట్టు:
తమ్ముడూ, యాస పలకడమే నటన అయితే మా పులివెందుల సంతలో ప్రతి ఒక్కరూ నటుడే. అది తీసేస్తే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుందో చెప్పు.

బురుజు వీధి:
చాలా మిగులుతుంది. 2008లో వచ్చిన ‘రెడీ’ చూడండి. అదే మీసం, అదే గొంతు. సమరసింహారెడ్డిలో వెన్నులో వణుకు పుట్టించినవాటితోనే కడుపుబ్బ నవ్వించారు. తన భయంకరమైన రూపాన్ని తానే పక్కన పెట్టగలిగిన ప్రతినాయకులు మనకు ఎందరున్నారు?

అసలు సంగతి నాటకం. ‘అలెగ్జాండర్’లో ఆయన పదవీ విరమణ చేసిన సైనికాధికారి. గంటన్నరకు పైగా వేదిక మీద ఆయన ఒక్కరే. మాట అందించే తోటి నటుడు లేడు, తడబడితే సర్దుకోనిచ్చే కెమెరా లేదు. కేవలం అరిచి అంతసేపు జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. సినిమాల్లో చేతినిండా పని ఉన్న మనిషి అంత కష్టం నెత్తికెత్తుకోవలసిన అవసరం ఏముంది? నటన మీద ప్రేమ తప్ప నాకు మరో కారణం కనబడదు.

మూస అన్నారు, ఒప్పుకుంటాను. ఆ మూస పోసింది ఎవరు? మా కర్నూలు జిల్లా ఆలూరు, కోసిగి పల్లెల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసి, ముసలివాళ్ళను వదిలి, గుంటూరు మిరప కోతలకు పోతాయి. అలా పోయే ఒక తండ్రి పాత్రను ఆ గొంతుతో ఊహించండి. 2020 సెప్టెంబరు 8న ఆయన కన్నుమూసేదాకా అటువంటి వేషంతో ఆయనకు పేరు తెచ్చిన పెద్ద సినిమా ఒక్కటీ లేదు. ఆయనకున్న ప్రతిభలో సగమే సినిమావాళ్ళు వాడుకున్నారు. వచ్చిన పేరు ఆ సగానికే. నా కోపమంతా ఆ వాడుకున్నవాళ్ళ మీద.

‘అలెగ్జాండర్’ను సినిమాగానూ తీశారు. దొరికితే పూర్తిగా చూడండన్నా. అప్పటికీ మీ మాట మారకపోతే మళ్ళీ వాదించుకుందాం.