సేవ చేయడానికి యూనివర్సిటీ చదువు కావాలా? మా ఇంట్లో గొడవ, మీరే తేల్చండి

బైరాగిపట్టెడ అన్న
మా చెల్లెలు బీకామ్ పూర్తిచేసింది. ఎంబీఏలో చేరుతుందని అందరం అనుకున్నాం. ఇప్పుడేమో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) గానీ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ గానీ చేస్తానంటోంది. స్వచ్ఛంద సంస్థలు నడిపే పని నేర్చుకోవాలట. ఇంట్లో రెండు రోజులుగా ఎవరికీ అన్నం సరిగా దిగడం లేదు. మా నాన్న మాట ఒక్కటే: "శ్రీవారి సేవకు జనం పైసా తీసుకోకుండా వచ్చి చేసిపోతున్నారు. దానికి రెండేళ్ల చదువా?" నిజమే కదా అనిపించింది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఓచర్ బాబాయ్
మీ నాన్నగారిది సగం నిజం. సేవకు వచ్చినాయన క్యూలో నీళ్లిచ్చి, గడువు అయిపోగానే ఊరికి పోతాడు. ఆయన ఎక్కడ నిలబడాలి, రాత్రికి ఎక్కడ పడుకోవాలి అన్నది ఎవరో ఒకరు జీతం తీసుకుని చూడాలి. కొండమీద నిత్యాన్నదానం 1985లో మొదలైంది. ఇన్నేళ్లూ ఒక్క భక్తితోనే నడిచిందా? విరాళాల డిపాజిట్లు, వాటి మీద వడ్డీ, కొనుగోళ్లు, స్టోర్ లెక్కలు లేకుండా రోజూ అన్ని విస్తళ్లు లేస్తాయా?

నా సంగతి చెప్తా. చిత్తూరు పక్కన ఒక చిన్న సంస్థలో పందొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. ఒకసారి పొదుపు సంఘాల ఆడవాళ్లకు ట్రైనింగ్ పెట్టాం. హాజరు షీటులో 42 పేర్లు, అందులో 11 వేలిముద్రలు. టీ, బజ్జీల బిల్లు మాత్రం 60 మందికి, తలకు 12 రూపాయలు. జరిగిందేమంటే ఆ ఆడవాళ్ల వెంట 18 మంది పిల్లలొచ్చారు. పిల్లల ఎదురుగా పెద్దవాళ్లకే బజ్జీ ఎట్లా పెడతాం? డబ్బిచ్చిన వాళ్లు పంపిన ఆడిటర్ ఆ 60 చుట్టూ పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టాడు. ఆ సున్నా మీద మూడు నెలలు ఉత్తరాలు నడిచాయి. రెండో విడత ఆగింది, ముగ్గురు వర్కర్లకు జీతాల్లేవు. షీటు కింద "పిల్లలు 18" అని ఒక్క లైను రాసుంటే అయిపోయేది. మా డైరెక్టర్ గారు దేవుడిలాంటి మనిషి. ఆ లైను రాయాలని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. పాపను చదవనీయండి.

పుంగనూరు ఆవు
బాబాయ్, ఆ ఒక్క లైను కోసం రెండేళ్ల పీజీనా? మీ పక్కన రెండు నెలలు కూర్చుంటే రాదా?
తిరుపతిలో రాస్ అనే సేవాసంస్థ 1981లో మొదలైంది. అప్పటికి మహిళా యూనివర్సిటీయే పుట్టలేదు, అది 1983. రాస్ పెట్టిన మునిరత్నం గారికి తర్వాత పద్మశ్రీ కూడా వచ్చింది. ముందు పని, తర్వాతే చదువు. డిగ్రీల వాళ్లు దిగాక ఊళ్లో బోరు ఎండిపోయినా పవర్‌పాయింటే, బోరు పడినా పవర్‌పాయింటే.

ఓచర్ బాబాయ్
పవర్‌పాయింట్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఆవు గారూ, 1981 నాటి రూల్సు ఇప్పుడున్నాయా? విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించారు. బయటి డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఆఫీసు ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దించారు. అన్నిటికంటే పెద్ద దెబ్బ, ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. మాలాంటి చిన్నవాళ్లు పెద్ద సంస్థల నీడనే బతికేవాళ్లం, ఆ దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద అవి పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం దానికి ఖర్చు పెట్టాలి. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీ వాళ్ల దగ్గరికి పోతే "బేస్‌లైన్ ఉందా?" అన్నారు. పని మొదలుపెట్టకముందు ఊరి పరిస్థితి ఎట్లా ఉందో తీసిన లెక్కను అట్లా అంటారట. అది తెలియక నేను బ్యాంకు పాస్‌బుక్ తీసి చూపించాను. నవ్వకండి.

హాస్టల్ రూమ్ 14
నేను ఇక్కడే ఎంఎస్‌డబ్ల్యూ రెండో ఏడాది. మాకు వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్. మొదట్లో ఒక కాలనీకి పోతే ఒకవ్వ అడిగింది: "రాసుకోని ఏం జేస్తావు మే? పింఛను ఇప్పిస్తావా?" ఆమె వేళ్లు అరిగిపోయి మిషన్ మీద ముద్ర పడటం లేదు. క్లాసులో చెప్పిన ఇంటర్వ్యూ పద్ధతులు ఒక్కటీ గుర్తు రాలేదు. సచివాలయానికి వెంటబెట్టుకుని పోయాను, రెండుసార్లు తిప్పించి చివరికి పని చేశారు. గొప్పగా రిపోర్టు రాశాను.

మా మేడమ్ చదివి ఒక్కటే అడిగారు: "ఆ వీధిలో ముద్ర పడని వాళ్లు ఇంకెంతమంది?" నేను అడగనే లేదు. మళ్లీ పోయి చూస్తే ఇంకో ఏడుగురు. చదువు లేకపోయినా ఆ అవ్వను తీసుకుపోయేదాన్నేమో గానీ ఆ ఏడుగురి దగ్గరికి పోయేదాన్ని కాదు, ఆవు అన్నా.

పుంగనూరు ఆవు
సరే తల్లీ, ఇది బాగుంది. మీ మేడమ్ లాంటి వాళ్లు ఎన్ని కాలేజీల్లో ఉన్నారో చెప్పు మరి.

మదనపల్లె టమాటా
అందరూ సేవ, చదువు అంటున్నారు గానీ జీతం మాట ఎవరూ ఎత్తరే. నేను ఎంఎస్‌డబ్ల్యూనే. ప్రాజెక్టు మూడేళ్లు, జీతం 14 వేలు. ప్రాజెక్టు అయిపోయిన నెలలోనే ఉద్యోగమూ అయిపోయింది. ఇప్పుడు అప్పుల వసూళ్ల కంపెనీలో ఉన్నా. అవే ఊళ్లు, అవే సంఘాలు. అప్పుడు టీ ఇచ్చిన అక్కలే ఇప్పుడు నా బండి చప్పుడు వింటే తలుపేసుకుంటారు.

అన్నా, రెండు కోర్సులనూ ఒకే గాటన కట్టొద్దు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అంటే ప్రభుత్వం ఎట్లా నడుస్తుందో చెప్పేది, మనవైపు ఎక్కువగా గ్రూప్స్ మనసులో పెట్టుకునే చేరతారు. ఎంఎస్‌డబ్ల్యూ మనుషుల మధ్యకు తీసుకుపోతుంది. నేను చదివినప్పుడు ఈ రెంటిలోనూ బ్యాలెన్స్ షీటు మాట పెద్దగా లేదు. సంస్థను నడపడమే నేర్చుకోవాలంటే గుజరాత్ ఆనంద్‌లో ఇర్మా అనే గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, అమూల్ కురియన్ గారు 1979లో పెట్టించింది. బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఉంది. ఎంట్రన్సు గట్టిగా రాయాలి, ఫీజు చూసి గుండె పట్టుకోవాలి, స్కాలర్‌షిప్ సంగతి ముందే కనుక్కోవాలి. మీ చెల్లెలికి బీకామ్ ఉంది, అది ఊరికే పారేసేది కాదు. లెక్కలు తెలిసి, ఊళ్లో కూర్చుని మాట్లాడగలిగిన మనిషి నా మూడేళ్లలో నాకు ఒక్కరూ తగల్లేదు.

బైరాగిపట్టెడ అన్న
అందరికీ థ్యాంక్స్. ఇదంతా ఇంట్లో గట్టిగా చదివి వినిపించా. చెల్లెలు ఎంట్రన్సు రాస్తుందట, ఈలోపు ఓచర్ బాబాయ్ ఒప్పుకుంటే నెలరోజులు వచ్చి పక్కన కూర్చుంటానంటోంది. మా నాన్న ఔననలేదు, కాదనలేదు. ఒక్కటి మాత్రం కనుక్కోమన్నారు: "ఆ 18 మంది పిల్లల బజ్జీల డబ్బు ఆఖరికి ఎవరు కట్టారు?"

ఓచర్ బాబాయ్
216 రూపాయలు. డైరెక్టర్ గారు జేబులోంచి తీసి పెట్టెలో వేశారు. దానికీ రసీదు రాయలేదు. మళ్లీ ఏడాది ఆడిటర్ "ఈ 216 ఎక్కడిది?" అన్నాడు. పాపను సోమవారం రమ్మనండి.