రోమా 5:4లో ‘పరీక్ష’, యాకోబు 1:3లో ‘పరీక్ష’: రెండూ ఒకటేనా?

ప్రశ్న:
పాత తెలుగు బైబిలులో రోమా 5:3–4 ఇలా ఉంది: “శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేయునని యెరిగి శ్రమలయందును అతిశయపడుదము.” యాకోబు 1:3 మాత్రం విశ్వాసానికి కలుగు పరీక్ష “ఓర్పు పుట్టించునని” చెబుతోంది. ఒకచోట ఓర్పు వల్ల పరీక్ష, మరోచోట పరీక్ష వల్ల ఓర్పు. రోజూ వరసగా చదువుకుంటూ వెళ్లేవారికి ఇది అడ్డం పడుతోంది. ఏది ముందు, ఏది వెనక?

జవాబు 1:
చిక్కు తెలుగులోనే ఉందండి, గ్రీకు మూలంలో లేదు. యాకోబు రాసిన మాట దొకిమియోన్, అంటే పరీక్షించడం. రోమా పత్రికలో, అంటే రోములోని విశ్వాసులకు రాసిన ఉత్తరంలో, పౌలు రాసినది దొకిమే, అంటే పరీక్షలో నిలిచాక తేలిన గట్టిదనం. ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలు కాబట్టి మన అనువాదంలో రెండిటికీ ‘పరీక్ష’ పడింది. ఇదే దొకిమే ఫిలిప్పీ 2:22లో తిమోతి గురించి వస్తుంది. అక్కడ “అతని యోగ్యత మీరెరుగుదురు” అని ఉంది. ఆ ‘యోగ్యత’ను రోమా 5:4లో పెట్టి చదవండి: ఓర్పు యోగ్యతను, యోగ్యత నిరీక్షణను కలుగజేయును. యాకోబు ఆపిన చోట పౌలు అందుకున్నట్టు ఉంటుంది. ముందు పరీక్ష, దానివల్ల ఓర్పు, ఓర్పు వల్ల యోగ్యత, దాని వెంట నిరీక్షణ.

జవాబు 2:
పై వివరణ సరైనదే. ఒక్క జాగ్రత్త చెప్పాలి. 1 పేతురు 1:7లో ఉన్నది కూడా దొకిమియోనే. అక్కడ బంగారాన్ని అగ్నితో శుద్ధి చేయడం గురించి చెప్పి, విశ్వాసం “పరీక్షకు నిలిచినదై” అన్నారు. అంటే అదే మాట అక్కడ నాణ్యత వైపు మొగ్గింది. మాటకు ఒకే అర్థం బిగించి అన్నిచోట్లా అతికిస్తే తప్పుతుంది. వాక్యం చుట్టూ ఉన్నది చూడాలి.

ఇక ‘శ్రమ’ సంగతి. పరీక్ష కంటే ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. నేటి తెలుగులో శ్రమ అంటే కష్టించి పనిచేయడం: శ్రమజీవి, శ్రమదానం. ఆ అర్థంతో చదివితే రోమా 5:3 ‘కష్టపడి పనిచేస్తే ఓర్పు వస్తుంది’ అనే సలహాగా మారిపోతుంది. బైబిలు తెలుగులో పనిభారానికి ‘ప్రయాస’ ఉంది: మత్తయి 11:28లో “ప్రయాసపడి భారము మోసికొనుచున్న”, 1 కొరింథీ 15:58లో “మీ ప్రయాసము”. శ్రమ అంటే బాధ. రోమా 5:3లో దాని వెనక ఉన్న థ్లిప్సిస్‌కు మూలార్థం నొక్కివేత, ఒత్తిడి. 2 కొరింథీ 4:8లో ఆ ధాతువే ఉంది: “ఎటుబోయినను శ్రమపడుచున్నను ఇరికింపబడువారము కాము”. అక్కడ శ్రమ పక్కనే ఇరుకు కనబడుతోంది చూడండి. ‘మిమ్మల్ని శ్రమపెట్టాను’ అని ఇప్పటికీ అంటాం కదా, ఆ వాడుకలో పాత అర్థం కొంత మిగిలింది.

‘నిరీక్షణ’ కూడా అంతే. మనకిప్పుడు అది ఎదురుచూపు. రోమా పత్రికలో అది ఎల్పిస్, అంటే నమ్మకంతో కూడిన ఆశ. ఎదురుచూపుకు ఈ బైబిలులో ఎక్కువగా కనబడే మాట ‘కనిపెట్టు’. రోమా 8:25లో రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి: “మనము చూడనిదాని కొరకు నిరీక్షించిన యెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము.” కొత్తగా చదివేవారు ‘కనిపెట్టు’ను కనుగొనడం అనుకుంటారు, అప్పుడు వాక్యం తలకిందులవుతుంది.

జవాబు 3:
ఓర్పు గురించి ఎవరూ రాయలేదు. దానికి గ్రీకు మాట హుపొమొనే, అంటే భారం కింద నుంచి తప్పుకోకుండా నిలబడడం. నోరు మూసుకోవడం కాదు. యాకోబు 5:11లో ఇదే మాటకు ‘సహనము’ అని ఉంది, ఉదాహరణగా చూపింది యోబును. ఆ యోబు 3వ అధ్యాయంలో తాను పుట్టిన దినాన్ని శపించాడు. అక్కడి నుంచి 31వ అధ్యాయం దాకా స్నేహితులతో వాదించాడు, దేవుణ్ణే నిలదీశాడు. అయినా ఆయనకు దూరంగా పోలేదు. ఏడుపును అవిశ్వాసం అనేవారికి యాకోబు చెప్పిన సహనాన్ని, యోబు చేసిన మొరను కలిపి చూపించాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా స్పష్టమైంది, ధన్యవాదాలు. రోజువారీ చదువులో దీన్ని ఎలా పట్టుకోవాలి?

జవాబు 1:
ఒక వారం రోమా పత్రికలోనే ఉండండి. తొలిరోజు 5:1–5 మొత్తం, తర్వాత రోజుకొకటి చొప్పున 4:18, 8:18–25, 12:12, 15:4, 15:13. ఏడో రోజు మళ్లీ 5:1–5. ‘నిరీక్షణ’ వచ్చిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టి, అది దేని మీద ఆనుకుందో పక్కన ఒక్క ముక్క రాయండి. 4:18లో అబ్రాహాముకు చూపులో ఆధారం లేదు, దేవుని మాట ఒక్కటే ఉంది. 15:4లో ఓర్పు, లేఖనాల ఆదరణ కలిసి నిరీక్షణను పుట్టిస్తాయి. రోజూ చదవడం ఎందుకో పౌలు అక్కడే చెప్పాడు. అచ్చులో ఉన్న మాట కొట్టేయకండి. 5:4 పక్కన అంచులో ‘యోగ్యత, ఫిలిప్పీ 2:22’ అని రాసుకుంటే చాలు.

జవాబు 2:
గోడ క్యాలెండరులోనో వాగ్దానపు కార్డుమీదో రోమా 5లోని 3, 4 వచనాలే విడిగా వేస్తారు. అలా చదివితే బాధ దానంతటదే మనిషిని బాగుచేస్తుందన్నట్టు ఉంటుంది. బాధ మనుషుల్ని విరిచేయడమూ ఉంది. 5వ వచనం ‘ఎందుకనగా’ అని మొదలై కారణం చెబుతుంది: దేవుని ప్రేమ హృదయాలలో కుమ్మరింపబడింది. ఆ వచనం లేకుండా పై రెండూ నిలబడవు. చావు జరిగిన ఇంట్లో ఈ వాక్యాన్ని మొదటి మాటగా ఎత్తకండి. ఆ సమయానికి ఇదే పత్రికలో 12:15 ఉంది: “ఏడ్చువారితో ఏడువుడి.”