సీనియర్ ఇంటర్‌లో ఒక్క పరీక్షనే నమ్ముకోవాలా, నాలుగు చోట్ల దరఖాస్తు పెట్టాలా?

విజయనగరం అధ్యాపకురాలు:

విజయనగరంలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఏటా కళాశాల తెరిచిన వారంలోనే సీనియర్ ఇంటర్ పిల్లలను ‘వచ్చే ఏడాది ఎక్కడ చదవాలనుకుంటున్నారు?’ అని అడుగుతాను. ఎంపీసీ పిల్లల్లో ఎక్కువమంది ‘ఎంసెట్ మేడమ్’ అంటారు. 2021లోనే దాని పేరు ఈఏపీసెట్‌గా మారినా పాత పేరే అందరి నోటా నిలిచిపోయింది. నన్ను కలవరపెట్టేది ఆ పేరు కాదు. ఎక్కడ చదువుతారని అడిగితే ఏ కళాశాల పేరూ, ఏ కోర్సు పేరూ రాకుండా పరీక్ష పేరు మాత్రమే జవాబుగా రావడమే నా ఆందోళన.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలకు అందుబాటులో ఉన్న చోట్లు వాళ్లకే తెలియడం లేదు. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మన విజయనగరం జిల్లాలోనే ఉంది, అందులో డిగ్రీ ప్రవేశాలకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి, ఆ పరీక్షను తెలుగులో కూడా రాయవచ్చు. శ్రీకాకుళం పక్కనే నైరలో వ్యవసాయ కళాశాల ఉంది, బైపీసీ పిల్లలు ఈఏపీసెట్‌తోనే అక్కడ చేరవచ్చు. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలోని బరంపురంలో 2016 నుంచి విజ్ఞానశాస్త్రాల చదువుకు, పరిశోధనకు కేంద్రం పెట్టిన సంస్థ ఐసర్ నడుస్తోంది, దానికి ఐఏటీ అనే ప్రత్యేక పరీక్ష ఉంది. ఇవన్నీ ఫలితాలు వచ్చాక మే నెలలో తెలిస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే అప్పటికి దరఖాస్తుల గడువులు ముగిసిపోతాయి. జేఈఈ మెయిన్ మొదటి విడత దరఖాస్తు అక్టోబరు చివర మొదలై నవంబరులోనే ముగుస్తోంది, సీయూఈటీ, నీట్, ఐఏటీ దరఖాస్తులు కొత్త ఏడాది మొదటి నాలుగు నెలల్లో ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడతాయి, సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు కూడా ఉంటాయి.

అందుకే దసరా సెలవుల్లోపు ప్రతి విద్యార్థీ తనకు కావలసిన కోర్సులు, వాటికి రాయవలసిన పరీక్షలు, దరఖాస్తు నెల, రుసుము, కావలసిన ధ్రువపత్రాలు ఒక కాగితం మీద రాసుకోవాలని, కనీసం మూడు నాలుగు దారులకు దరఖాస్తు పెట్టాలని, ఆ దరఖాస్తును తానే నింపాలని నా అభిప్రాయం. చివరి మాటను నొక్కి చెబుతున్నాను. నెట్ సెంటర్‌లో నింపిస్తే చాలాసార్లు అక్కడివారి ఫోన్ నంబరు, వారి మెయిలే నమోదవుతాయి, పాస్‌వర్డు రసీదు వెనుక పెన్సిల్‌తో రాసి ఇస్తారు. జూన్‌లో కౌన్సెలింగ్ మొదలై ఓటీపీ అవసరమైనప్పుడు ఆ రసీదు ఉండదు, ఆ ఫోన్ ఎత్తేవారూ ఉండరు.

పలాస తండ్రి:

మేడమ్ గారికి నమస్కారం. నేను పలాసలో ఒక జీడిపప్పు కర్మాగారంలో గుమస్తాను. మా అబ్బాయి సీనియర్ ఇంటర్ ఎంపీసీ. మీ సదుద్దేశం నాకు అర్థమైంది కానీ, మీ సలహాతో ఏకీభవించలేను.

ముందు ఖర్చు సంగతి చెబుతాను. 2025 రుసుముల ప్రకారం ఓసీ అబ్బాయికి జేఈఈ మెయిన్ ఒక్కో విడతకు 1000 రూపాయలు, రెండు విడతలకు 2000. ఈఏపీసెట్‌కు 600, సీయూఈటీకి మూడు సబ్జెక్టుల వరకు 1000, ఐఏటీకి 2000. మొత్తం 5600 రూపాయలు. పరీక్షా కేంద్రం విశాఖపట్నంలో పడితే తండ్రీకొడుకుల రైలు ఛార్జీలు, ఒక రాత్రి బస, నాకు ఒక రోజు జీతం కోత దీనికి అదనం. అదీగాక, మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా సీటు వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది, ఒడిశాకో ఢిల్లీకో వెళితే అది రాదు.

డబ్బుకన్నా పెద్ద సమస్య పిల్లవాడి మనసు. సిలబస్ ఒక్కటేనని అందరూ అంటారు కానీ, పరీక్షలు ఒక్కటి కావు. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, తప్పు రాసినా మార్కు పోదు, కాబట్టి వేగమే ప్రాణం, ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. జేఈఈ మెయిన్‌లో అవే మూడు గంటలకు 75 ప్రశ్నలు, తప్పుకు ఒక మార్కు కోత, కాబట్టి తెలియనిది వదిలేయడం నేర్చుకోవాలి. ఒక వారం ఇలా, మరో వారం అలా సాధన చేసే పిల్లవాడికి ఏ అలవాటు నిలుస్తుంది? మా పెద్దవాడు విశాఖలో ఒక ప్రైవేటు కళాశాల హాస్టల్‌లో ఉండి ఇలాగే అన్నీ రాశాడు. ఆ యాజమాన్యం వారానికో నమూనా పరీక్ష పెట్టి, వారం వారం పద్ధతి మార్చింది. చివరికి దేనిలోనూ చెప్పుకోదగ్గ ర్యాంకు రాలేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని పెద్దలు చెప్పిన మాట నా ఇంట్లోనే రుజువైంది. చిన్నవాడు ఈఏపీసెట్ ఒక్కటే రాస్తాడు.

బరంపురంలో చదువుతున్న సోంపేట అమ్మాయి:

నేను సోంపేట నుంచి వెళ్లి బరంపురం ఐసర్‌లో చదువుతున్నాను. మేడమ్ గారితోనూ, పలాస బాబాయి గారితోనూ కొంత కొంత ఏకీభవిస్తున్నాను.

నేను కూడా ఎంపీసీయే. మొదట ఈఏపీసెట్‌కే చదివాను. మా రసాయనశాస్త్రం మాస్టారు చెప్పడంతో ఐఏటీకి దరఖాస్తు పెట్టాను. అందులో 60 ప్రశ్నలే ఉంటాయి, గణితం, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకు తలా 15, ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. జీవశాస్త్రం చదవని నాకు 240లో 60 మార్కులు ముందే పోయినట్లు అనిపించి చాలా భయపడ్డాను. అయినా కొత్తగా జీవశాస్త్రం మొదలుపెట్టలేదు. మిగిలిన మూడింటిలో ఇంటర్ పాఠాలనే మరింత లోతుగా, ‘ఇది ఎందుకు ఇలా అవుతుంది’ అని ప్రశ్నించుకుంటూ చదివాను. దానివల్ల నా ఈఏపీసెట్ సాధన ఏమాత్రం చెడలేదు, పైగా పబ్లిక్ పరీక్షల్లో మార్కులు పెరిగాయి. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉన్నందున అది అక్కడా ఉపయోగపడింది.

కాబట్టి నా అనుభవం ప్రకారం నాలుగు పరీక్షలు ఎక్కువే, ఒక్కటి మాత్రం తక్కువ. ఫీజు గురించి ఒక మాట. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం కింద, కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు, పూచీ లేకుండా బ్యాంకు రుణం ఇస్తారు. అది అప్పే, రీయింబర్స్‌మెంట్ కాదు. ఆ తేడా తెలిసే నిర్ణయించుకోవాలి. ఇంటికి దూరమన్న బెంగ మాత్రం అక్కరలేదు, శ్రీకాకుళం జిల్లా ఉత్తర మండలాలవారికి విజయవాడ కన్నా బరంపురమే ఎంతో దగ్గర.

రాజాం సచివాలయ ఉద్యోగి:

ఎన్ని పరీక్షలన్నది మీరు తేల్చుకోండి. ధ్రువపత్రాల విషయంలో మాత్రం, అన్నీ దసరాలోపే సిద్ధం చేసుకోవాలని ఎవరైనా అనుకుంటే కొన్నింటికి అది పనికిరాదని చెప్పడానికి రాస్తున్నాను.

కుల ధ్రువపత్రం, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్ల సంగతి ముందే చూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలో స్థానికులకు 85 శాతం సీట్లు ఉన్నాయి. ఆ స్థానికతకు ఆధారం ఈ స్టడీ సర్టిఫికెట్లే. ఇటుక బట్టీలకో, చేపల వేటకో తల్లిదండ్రులు వలస వెళ్లినప్పుడు వెంట వెళ్లి ఒకటి రెండేళ్లు వేరే రాష్ట్రంలో చదివిన పిల్లలకు ఇక్కడే చిక్కు వస్తుంది. ఆ బడి నుంచి పత్రం తెప్పించడానికి నెలలు పట్టవచ్చు, కాబట్టి అలాంటివారు ఈరోజే మొదలుపెట్టాలి.

కానీ జాతీయ సంస్థల కౌన్సెలింగ్‌కు ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ, ఆ తరువాత గానీ జారీ అయినవే ఉండాలి. అక్టోబరులో తీసుకున్న పత్రం జూన్‌లో చెల్లదు. ఏప్రిల్ మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టండి, వీఆర్వో విచారణ, తహసీల్దారు సంతకం అయ్యేసరికి సమయం పడుతుంది. ఇంకొక ముఖ్య విషయం, మన జిల్లాల్లో తరచుగా కనిపించేది: రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ఈఏపీసెట్‌లో బీసీగా సీటు పొందే విద్యార్థి జేఈఈలో ఓపెన్ కేటగిరీలో పోటీ పడవలసి రావచ్చు. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్‌లో మీ కులం పేరు ఉందో లేదో చూశాకే దరఖాస్తులో ఆ గడి నింపండి.

పలాస తండ్రి:

సోంపేట అమ్మాయి రాసింది శ్రద్ధగా చదివాను. ఒకటి ఒప్పుకుంటాను, మా చిన్నవాడికి లెక్కల కన్నా రసాయనశాస్త్రం మీదే ఇష్టమని తెలిసినా, ఆ ఇష్టానికి ఏ చదువు ఉందో మేము విచారించలేదు. కానీ మేడమ్ చెప్పిన మూడు నాలుగు దారులు మావంటి ఇళ్లకు ఇప్పటికీ భారమే. దరఖాస్తు వాడే నింపాలన్న మాట కూడా నాకు సరిపడలేదు. పదిహేడేళ్ల పిల్లవాడు ఒక్క గడి తప్పు నింపితే ఏడాది పోతుంది.

ఇంకో సందేహం. వాడి పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. దీనివల్ల ఇబ్బంది ఉంటుందా?

విజయనగరం అధ్యాపకురాలు:

అయ్యా, ఖర్చు విషయంలో మీ లెక్క సరైనదే, దానిని నేను తేలికగా తీసుకోవడం లేదు. అయితే దారులన్నీ రుసుము కట్టే పరీక్షలే కానక్కరలేదు. రాష్ట్రంలోని డిగ్రీ కళాశాలల్లో ప్రవేశాలకు ఏ పరీక్షా లేదు, ఉన్నత విద్యా మండలి ఆన్‌లైన్ దరఖాస్తులో ఇంటర్ అర్హతతోనే సీటు వస్తుంది. 1879లో కళాశాల స్థాయికి ఎదిగిన మా ఊరి మహారాజా కళాశాలలో రసాయనశాస్త్రం చదవడం ఈఏపీసెట్ సీటు రానివారికి మిగిలే చదువు అని నేను ఎన్నడూ ఒప్పుకోను. కాబట్టి మీ అబ్బాయికి ఈఏపీసెట్ ప్రధానంగా ఉండనివ్వండి, ఐఏటీ ఒక్కటి చేర్చండి, డిగ్రీ దరఖాస్తుకు రెండు మూడు కళాశాలలు ముందే వెళ్లి చూసి ఉంచండి. జేఈఈ, సీయూఈటీ అక్కరలేదు. అదనపు పరీక్ష రుసుము ఐఏటీకి కట్టేదే.

పరీక్షల స్వభావం వేరన్న మాట కూడా నిజమే, కానీ ఆ తేడా సాధనకు సంబంధించినది, చదువుకు సంబంధించినది కాదు. ఫిబ్రవరి వరకు పాఠం ఒక్కటే. పబ్లిక్ పరీక్షలు ముగిశాకే ఏ పరీక్షకు ఆ పద్ధతిలో గడియారం పెట్టుకుని నమూనా పత్రాలు చేయించాలి. వారం వారం పద్ధతి మార్చడం వల్లనే మీ పెద్దబ్బాయికి నష్టం జరిగిందని మీరు రాసిన దానిని బట్టి నాకు అనిపిస్తోంది.

దరఖాస్తు అబ్బాయే నింపాలన్న మాటను మాత్రం వదులుకోను. మీరు పక్కన కూర్చోండి, చివరి బటన్ నొక్కేముందు ఇద్దరూ ప్రతి గడినీ పైకి చదవండి, ఫోన్ నంబరు మీదే ఇవ్వండి, మెయిల్ వాడిది ఇవ్వండి. మా కళాశాలలో డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం పిల్లలచేత ఉత్తుత్తి దరఖాస్తు కాగితం మీద నింపిస్తాను. పుట్టిన తేదీలో నెలను, రోజును తారుమారు చేసేవారు, తల్లి పేరు ఇంట్లో పిలిచేది రాసేవారు అక్కడే బయటపడతారు, అక్కడే దిద్దుకుంటారు.

రాజాం సచివాలయ ఉద్యోగి:

ఆధార్ గురించి అడిగిన తండ్రి గారికి: ఇబ్బంది ఉంటుంది, ముందే సరిచేయించుకోవడం మంచిది. ప్రవేశ పరీక్షలన్నింటికీ పదో తరగతి మెమోనే మూలం, కాబట్టి మెమోను కదపవద్దు, దానిలో ఉన్నట్లే ఆధార్‌ను మార్పించండి. అబ్బాయిని వెంటబెట్టుకుని, అసలు మెమోతో ఆధార్ కేంద్రానికి వెళ్లండి. అక్కడ టైపు చేశాక రసీదు ఇచ్చేముందు తెర మీద ఇంగ్లిష్ అక్షరాలు, తెలుగు అక్షరాలు రెండూ మెమోతో పోల్చి చూడండి. మార్పు జరిగి కొత్త ప్రతి చేతికి వచ్చాకే ఈఏపీసెట్ దరఖాస్తు మొదలుపెట్టండి.