వేంగి చాళుక్యుల ఆట 1453కు చేరింది: పటాలను, వంశవృక్షాన్ని ఎలా చూపించాలి?

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉంటాను. మధ్యయుగ రాజవంశాలను నడిపే కంప్యూటర్ ఆట క్రూసేడర్ కింగ్స్ 3లో 867 నాటి వేంగి చాళుక్యులతో మొదలుపెట్టిన ఆట 1453లో ముగిసింది. చరిత్రలో 1070లో వేంగి రాకుమారుడు కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కాడు; నా ఆటలో చోళనాడే వేంగికి సామంతరాజ్యమైంది. ఈ మలుపంటే నాకు చాలా ఇష్టం.

ఆదివారం ఇక్కడి తెలుగు మిత్రులకు దీన్ని చూపించాలి. వాళ్లెవరూ ఈ ఆట ఆడరు, చరిత్ర మాత్రం బాగా చదివారు. చివరి పటం ఒక్కటే చూపిస్తే, వారసత్వ తగాదాల్లో రాజ్యం ఎన్నిసార్లు ముక్కలై మళ్లీ కలిసిందో వాళ్లకు తెలియదు. అసలు కథ అదే.

ఐరన్‌మ్యాన్ పద్ధతిలో (ఆటకు ఒకే సేవ్ ఫైలు ఉంచే పద్ధతి) ఆడలేదు కనుక ప్రతి శతాబ్దానికీ ఒక సేవ్ ఫైలు ఉంది. వాటి నుంచి పటాలను ఒకే కొలతలో తీయడం ఎలా? పాత ఫైళ్లు కొత్త వెర్షన్‌లో సరిగా తెరుచుకోవడం లేదు. ఆటలు కొని దించుకునే వేదిక స్టీమ్‌లో పాత వెర్షన్‌కు మారితే సరిపోతుందా? వంశవృక్షం మొత్తాన్ని ఒకే బొమ్మగా తీసినవారు ఎవరైనా ఉన్నారా? కుదరకపోతే రాజుల జాబితా చేత్తోనే రాస్తాను. కానీ ఆడపడుచుల శాఖలను వదిలేయడం నాకు ఇష్టం లేదు, వాళ్ల పెళ్లిళ్ల వల్లే కళింగం దక్కింది.