ఇంట్లో కూడా థెరపీ టేబులేనా?

తొలిపొద్దు: మాట ఆలస్యమైన మూడేళ్లలోపు పిల్లలకు థెరపీ సెంటర్‌లో వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు అనుకుందాం. మొత్తం గంటన్నర. దాంతో ఏ నైపుణ్యమూ నిలవదు. అందుకే ఇంట్లోనూ రోజుకో గంట టేబుల్ దగ్గర కూర్చోబెట్టి సెంటర్‌లో వాడే బొమ్మల కార్డులే చేయించాలంటాను. "అమ్మను అమ్మలా ఉండనివ్వండి" అనేవాళ్లు పునశ్చరణకు ఇంకేం దారి చూపిస్తారు?

నత్తగుల్ల: దారి ఉంది, అది టేబుల్ కాదు. పిల్ల రోజుకు 12 గంటలు మేలుకొని ఉంటే వారానికి 84 గంటలు. కార్డు మీద బొమ్మ చూసి "బంతి" అనే పిల్లే, మంచం కిందికి దొర్లిన బంతి కోసం మన చెయ్యి పట్టి లాగుతుంది. కార్డుతో నేర్చుకున్నది కార్డు దగ్గరే ఆగిపోయిందన్నమాట.

ఒక పని, ఒక లక్ష్యం చాలు. నీళ్లు అడగడమే తీసుకోండి. గ్లాసు కనబడాలి, అందకూడదు. పిల్ల దానివైపు చూశాక 5 నుంచి 10 సెకన్లు నోరు మెదపకుండా ఆగండి. చాలామంది రెండో సెకనుకే "ఏం కావాలి? నీళ్లా? చెప్పు!" అంటారు, చెడేది అక్కడే. చూపు, వేలు, శబ్దం, ఏది వచ్చినా "నీళ్లు" అని ఒక్క మాట చెప్పి వెంటనే ఇవ్వాలి. "చెప్తేనే ఇస్తా" అని బిగబట్టొద్దు. దాహంతో ఏడ్చే పిల్ల నేర్చుకునేది ఏడవడమే.

మూడోబల్ల: నత్తగుల్ల గారూ, నీళ్లకు సరే. గుండీ రోజుకెన్నిసార్లు పెడతాం? వేళ్ల పని, అనుకరణ లాంటివాటికి వరసగా పది పదిహేనుసార్లు చేయాలి. పైగా "పనుల్లో కలిపేయండి" అంటే, పొద్దున్నే హడావిడిలో చొక్కా మనమే తొడిగేస్తాం. గంట వద్దు, ఐదేసి నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ప్యాంటు అయితే చివరి మెట్టు నుంచి మొదలుపెట్టాలి: తొడల పైదాకా మనం లాగి, నడుముకు ఎక్కించడం పిల్లకు వదలాలి. అది వచ్చాక మోకాళ్ల నుంచి, ఆ తర్వాత పాదాల నుంచి. పని ముగించింది తానే అన్న ముచ్చట ప్రతిసారీ పిల్లకే దక్కుతుంది.

కొలిమి: టేబులా, ఇంటి పనులా అన్నదానికన్నా పెద్ద తలనొప్పి ఇంట్లో ముగ్గురు మూడు రకాలుగా సాయం చేయడం. అమ్మమ్మ చేసిపెట్టేస్తుంది, నాన్న మాటలతో తోస్తూ ఉంటాడు, అమ్మ ఆగి చూస్తుంది. మాటసాయం తేలికనుకుంటాం గానీ, మాన్పించడం దాన్నే కష్టం, "తర్వాతేంటి?" అని ఎవరో ఒకరు అనేదాకా పిల్ల కదలదు. తలుపుకి ఒక కాగితం అంటించండి. ప్రయత్నానికో అక్షరం: చే (చెయ్యి పట్టి), తా (మోచేతి దగ్గర తాకి), సై (సైగ), సొం (సొంతంగా). వరసగా మూడు రోజులు ఎక్కువగా "తా" పడితే అందరూ కలిసి సైగకు మారాలి. ఒక్కరే మారితే లాభం లేదు.

అన్నట్టు, "ఇంట్లో బడి భాషే మాట్లాడండి" అనే సలహా ఇంకా తిరుగుతోంది. రెండు భాషలు విన్నంత మాత్రాన మాట ఆలస్యం కాదు. రాని భాషలో తడుముకునే నాన్న అసలు మాట్లాడడమే తగ్గిస్తాడు.

తొలిపొద్దు: గంట మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఇవన్నీ ఇంటివాళ్లకు నేర్పేదెవరు? తలుపు వేసుకుని సెషన్ చేసి, చివర్లో "ఇంట్లో ప్రాక్టీసు చేయించండి" అంటే సరిపోతుందా?

నత్తగుల్ల: అసలు తగువు అదే. అమెరికాలో ప్రత్యేక విద్య చట్టానికి 1986లో చేసిన సవరణ, ఎదుగుదల ఆలస్యమైన మూడేళ్లలోపు పిల్లలకు రాయమన్నది కుటుంబ సేవా ప్రణాళికనే. ఇంటివాళ్ల ప్రాధాన్యాలూ అందులో ఉండాలి. నన్నడిగితే 45 నిమిషాల్లో చివరి 15 అమ్మానాన్నలు చేయాలి, థెరపిస్టు చేతులు కట్టుకుని చూసి, తప్పు అక్కడికక్కడే చెప్పాలి.

మూడోబల్ల: చివరి 15కి పిల్ల అలిసిపోయి ఉంటుంది. మొదటి 15 అడగండి.