లక్ష్మణకుమారుడికి ఒక్క పద్యం ఇస్తే తప్పేంటి?

తీర్థకట్ట వీధి:
అందరికీ నమస్కారం. ఉద్యోగం తిరుపతిలో, ఊరు చిత్తూరు పక్కన పల్లె. ధర్మరాజుల గుడి తిరునాళ్లకు ఈసారి బయటి బృందానికి బయానా ఇవ్వకుండా ఊరివాళ్లమే శశిరేఖా పరిణయం ఆడుతున్నాం. తెర పక్కన పుస్తకం పట్టుకుని మాటలు అందించే పని నాది.

గొడవ దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడి దగ్గర వచ్చింది. మా పుస్తకంలో అభిమన్యుడికి ఏడు పద్యాలు, శశిరేఖకు ఐదు, ఘటోత్కచుడికి లెక్కే లేదు. లక్ష్మణకుమారుడికి సున్నా. అద్దంలో చూసుకోవాలి, మీసం దువ్వుకోవాలి, కాలు తొక్కించుకుని కెవ్వుమనాలి, అంతే. పెళ్లి పీటల మీద నుంచి లేచి పారిపోయాక ఒంటరిగా నిలబెట్టి ఒక పద్యం పాడిద్దామన్నాను. మా హార్మోనిస్టు పెద్దాయన పెట్టె మూసేసి, "నవ్వించేవాడికి రాగమెందుకు నాయనా" అన్నాడు. ఆ రోజు రిహార్సల్ అక్కడితో సరి.

అసలు ఆ పిల్లోడు చేసిన తప్పేంటి? సంబంధం కుదిర్చింది పెద్దవాళ్లు. పాండవులకు రాజ్యం పోగానే మాట మార్చింది శశిరేఖ ఇంట్లోవాళ్లు. ఇతను పట్టుబట్టలు కట్టుకుని వచ్చి కూర్చున్నాడు. మీరేమంటారు?

హార్మోనియం పెట్టె:
నేను మీ పెద్దాయన పక్షం. ముప్పై ఏళ్లుగా పల్లెల్లో నాటకాలకు వాయిస్తున్నాను, అనుభవంతో చెబుతున్నా.

మన నాటకంలో పద్యం అంటే ఉత్త మాట కాదు. వేషగాడు గొంతెత్తి చివరి పాదం మీద రాగం లాగుతుంటే చాప మీద కూర్చున్నవాడి మనసు వాడి వైపు పోతుంది. "వన్స్ మోర్" అని ఒక్కడు అరిస్తే చాలు, ఆ ఘట్టం వాడిదైపోతుంది.

ఇప్పుడు పెళ్లి సీను చూడండి. పీటల మీద ఉన్నది మాయాశశిరేఖ, అంటే ఘటోత్కచుడు. చెయ్యి పట్టుకోబోతే లక్ష్మణకుమారుడి కంటికి ఒక్కడికే గోళ్లు కనిపిస్తాయి, కోరలు కనిపిస్తాయి. అరుస్తాడు. అందరూ తిరిగి చూసేసరికి తల వంచుకుని సిగ్గుపడుతున్న పెళ్లికూతురు. ఇది నాలుగుసార్లు జరగాలి, నాలుగుసార్లూ జనం పడిపడి నవ్వాలి. వాడి మీద జాలి పుట్టిందా, ఇదే సీను ఒక అమాయకుణ్ణి పదిమంది కలిసి ఏడిపించినట్టు ఉంటుంది. అప్పుడు కృష్ణుడు కూడా చెడ్డవాడే అవుతాడు. వాడు డాంబికుడిగా ఉండబట్టే ఘటోత్కచుడి ఆటకు మనం చప్పట్లు కొడుతున్నాం.

ఇంకో మాట. రాత్రి రెండింటికి జనం కునుకుతుంటారు. వాళ్లను లేపేది ఈ పాత్రే. ఆ టైములో శోకపద్యం అందుకుంటే చాపలు చుట్టేస్తారు.

పలమనేరు బస్సు:
పెద్దలు ఒక్కటి మరిచిపోతున్నారు. భారత యుద్ధంలో 13వ రోజు పద్మవ్యూహంలో అభిమన్యుడి చేతిలో చచ్చేది ఈ లక్ష్మణకుమారుడే. శశిరేఖ కథ వ్యాసభారతంలో లేదు, మనవాళ్లు కల్పించుకున్నది. కానీ ఈ చావు అందులో ఉంది. మన చిత్తూరు వైపు తిరునాళ్లలో పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్న మట్టితో చేసిన దుర్యోధనుడి తొడ విరగ్గొట్టడం, అన్నీ 18 రోజులు చూసే జనమే కదా మీ ముందు కూర్చునేది. ఒకరోజు పగలు ఆ పిల్లోడి చావు వినాలి, ఇంకోరోజు రాత్రి వాడి కాలు తొక్కితే నవ్వాలి. వాళ్లకు జాలి కొత్తగా నేర్పక్కర్లేదు.

హార్మోనియం పెట్టె:
అందుకే ఆ ఒక్క రాత్రయినా నవ్వనివ్వండి సామీ.

కోనేటి గట్టు:
పెళ్లి తప్పిపోయినవాణ్ణి పట్టించుకోవడం మనకు కొత్తేం కాదు. భాగవతం దశమస్కంధంలో రుక్మిణిని కృష్ణుడు ఎత్తుకుపోయాక శిశుపాలుడు ముఖం వాడిపోయి కూర్చుంటే, జరాసంధుడు దగ్గరికొచ్చి ఓదారుస్తాడు. "ఇరవై మూడు అక్షౌహిణులతో వెళ్లి పదిహేడుసార్లు అతని చేతిలో ఓడాను, ఒక్కసారే గెలిచాను, అయినా ఏడవలేదు" అనే ధోరణిలో మాట్లాడతాడు. పెళ్లికొడుకుగా వచ్చినవాడికి ఎంత చక్కటి ఓదార్పో చూడండి! నన్నడిగితే లక్ష్మణకుమారుడికి పద్యం వద్దు, శకుని చేత రెండు ముక్కలు ఓదార్పు చెప్పించండి. జాలీ ఉంటుంది, నవ్వూ పోదు.

బెంగళూరులో పీలేరు:
పద్యం ఇస్తే జాలి పుట్టి తీరుతుందని ఎందుకనుకోవాలి అన్నా? 1943లో అమెరికాలో బ్రాడ్వేలో వచ్చిన పాటల నాటకం ‘ఓక్లహోమా!’ చూడండి. రోడ్జర్స్ సంగీతం, హామర్‌స్టీన్ మాటలు. అందులో లారీ అనే అమ్మాయి కోసం కర్లీ అనే పశువుల కాపరికి పోటీగా జడ్ ఫ్రై అనే పాలేరు ఉంటాడు. కర్లీ నేరుగా అతని గదికి వెళ్లి, నువ్వు చచ్చిపోతే ఊరంతా ఎంత ఏడుస్తుందో అని పాట కట్టి మరీ ఊరిస్తాడు. పాపం జడ్ కూడా గొంతు కలుపుతాడు. అక్కడ నవ్వొస్తుంది. కాసేపటికి అతన్ని ఆ గదిలోనే ఒంటరిగా నిలబెట్టి ఒక పాట ఇచ్చారు. ఆ పాట వింటే జాలి కన్నా ముందు భయం వేస్తుంది, వీడు ఊరికే పోయేవాడు కాదని తెలిసిపోతుంది. 1955 సినిమాలో ఆ పాట తీసేశారు. నాకైతే సినిమాలో జడ్ ఉత్త దుర్మార్గుడిలా మిగిలాడు.

మనకూ కీచకుడు లేడా? సురభి వాళ్లు 1885లో తొలిసారి ఆడింది కీచకవధే. కీచకుడు ఎన్ని పద్యాలు ఎత్తుకున్నా సైరంధ్రిని వదిలి వాడి వైపు పోయిన ప్రేక్షకుణ్ణి నేను చూడలేదు.

హార్మోనియం పెట్టె:
నువ్వు చెప్పిన నాటకంలోనే అడో ఆనీ అనే ఇంకో అమ్మాయి వెంట తిరిగే వ్యాపారి ఒకడున్నాడు కదా, వాడు పూర్తిగా హాస్యం. (మా మనవడు ఫోన్లో చూపించాడులే.) అంటే నవ్వుకొకణ్ణి, భయానికొకణ్ణి విడివిడిగా పెట్టుకున్నారు. మనకున్నది ఒక్కడే. కీచకుడి మాటకొస్తే వాడు ప్రతినాయకుడు, కాలు తొక్కించుకునే పాత్ర కాదు.

మొదటి వరుస చాప:
ఇంకో కోణం. హాస్యం వేషానికి రాసిన మాట గట్టిగా లేకపోతే ఆ ఖాళీలో వేషగాడు సొంత మాటలు నింపుతాడు. ‘చింతామణి’ గతి చూశాం కదా. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యామోహం మానిపించాలని రాసిన నాటకంలో సుబ్బిశెట్టి పాత్రను బృందాలు ఏళ్ల తరబడి డబుల్ మీనింగులతో ఎక్కడికో తీసుకుపోయాయి. ఒక కులాన్ని ఎగతాళి చేస్తున్నారనే అభ్యంతరాల మీద 2022 జనవరిలో ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం తప్పనే నేనంటాను, అది వేరే చర్చ. పద్యానికైతే యతి, గణాలు ఉంటాయి, నోటికొచ్చింది దూర్చడం కుదరదు. ఒక్క పద్యం ఉన్నా పాత్ర కొంచెం అదుపులో ఉంటుంది.

జడ కుచ్చులు:
కూచిపూడి నేర్చుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నా. భామాకలాపంలో కథంతా సత్యభామ అలక మీదే నడుస్తుంది, సవతి రుక్మిణి చాలా ప్రదర్శనల్లో రంగం మీదికి రానే రాదు. అయినా సత్య కళ్లలో మనకు కనిపిస్తూనే ఉంటుంది. పోటీ ఎంత పెద్దదో చెప్పేది ఎదుటి పాత్రే. మీ లక్ష్మణకుమారుడికి పద్యం కావాలా వద్దా అని ఇంతమంది కొట్టుకుంటున్నారు, అతన్ని చేసుకోనని శశిరేఖ పాడే పద్యం ఎలా ఉందో ఒక్కరైనా అడిగారా? అందులో భయం ఉంటే లక్ష్మణకుమారుడు భయంకరుడు, విసుగు ఉంటే వెర్రివాడు.

తీర్థకట్ట వీధి:
అక్కా, పుస్తకం తీసి చూశాను. మా శశిరేఖ ఐదు పద్యాల్లో నాలుగు అభిమన్యుడి మీదే. ఒక్కదాంట్లో లక్ష్మణకుమారుడి పేరుంది, అదీ గణాలు సరిపోక ఇరికించినట్టుంది.

నిన్న రాత్రి మా పెద్దాయనకు ఈ చర్చంతా చదివి వినిపించాను. పదమూడో రోజు మాట దగ్గర మళ్లీ చదవమన్నారు. కాసేపు బెల్లోస్ ఊపుతూ కూర్చుని, చివరికి ఒక్క కందానికి, అంటే పొట్టి పద్యానికి ఒప్పుకున్నారు. షరతులు మూడు: ఏడుపు రాగం ముఖారిలో వద్దు, చివర రాగం తీయకూడదు. పాడగానే కాలు మళ్లీ తొక్కించాలి.

బాగానే కుదిరిందనుకున్నాను. లక్ష్మణకుమారుడు వేసే కుర్రాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. ఇస్తే పొడుగాటి సీసపద్యం ఇవ్వాలంట, కందమైతే వేషమే మానేస్తాడంట.